46 ఉన్నాయని రిపోర్టు పక్కన పెట్టేయకండి

ప్రశ్న: నా వయసు 29. మూడేళ్ల బాబుకు డౌన్ సిండ్రోమ్ అన్నారు. రిపోర్టులో మాత్రం '46 ఎక్స్‌వై, డెర్ 14;21, ప్లస్ 21' అని ఉంది. 46 అంటే నార్మలే కదా? మాది మేనరికం, దానివల్లా? ఇప్పుడు నాకు మళ్లీ రెండో నెల. ఈ బిడ్డకు రాకూడదని తెలిసినవాళ్లిచ్చిన పొడి వాడుతున్నాను, వాడొచ్చా?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన రెండో నెల దగ్గరే నాకు టెన్షన్. మూడేళ్లుగా ఆ రిపోర్టు బీరువాలో ఉండిపోయిందా?

46 అన్నది క్రోమోజోముల (కణంలో జన్యువులను మోసే పోగుల) లెక్క మాత్రమే. బాబుకు 21వ క్రోమోజోములు విడిగా రెండున్నాయి, మూడోది 14కి అతుక్కుని ఉంది (రిపోర్టులో 'డెర్ 14;21' అంటే అదే), అతుక్కున్నదాన్ని ఒకటిగా లెక్కేస్తారు కాబట్టి 46 వచ్చింది. మామూలు డౌన్‌లో 47 ఉంటాయి. చాలావరకు అండం తయారయ్యేటప్పుడు 21వ జత విడిపోకుండా రెండూ ఒకే పక్కకు పోవడం వల్ల అలా అవుతుంది. మీ బాబుది వేరు. మీలోనో మీవారిలోనో ఈ 14, 21 అతుక్కునే ఉండొచ్చు. అలాంటివాళ్లకు 45 ఉన్నా సరుకంతా సరిపోతుంది, ఏ ఇబ్బందీ ఉండదు, తెలియనే తెలియదు. అండమో వీర్యకణమో తయారయ్యే విభజనలోనే చిక్కు: అతుక్కున్నదీ, విడిగా ఉన్న 21వదీ చెరోవైపు పోవాల్సింది కలిసి ఒకేవైపు పోతే బిడ్డకు 21 మూడు పాళ్లవుతుంది. తల్లికి ఇది ఉంటే మళ్లీ వచ్చే అవకాశం సుమారు 10 నుంచి 15 శాతం, తండ్రికి ఉంటే చాలా తక్కువ. ఇద్దరికీ లేకపోవడమూ మామూలే.

అందుకే ఈ వారమే ఇద్దరూ కార్యోటైప్‌కు, అంటే క్రోమోజోముల పరీక్షకు, రక్తం ఇవ్వండి. కణాలను ల్యాబ్‌లో పెంచి, సరిగ్గా విభజన మధ్యలో ఆపి, క్రోమోజోములు పొట్టిగా లావుగా కనబడేటప్పుడు ఫొటో తీసి జతలు పేరుస్తారు, కాబట్టి రిపోర్టుకు రెండు మూడు వారాలు పట్టొచ్చు. అది వచ్చాక చూద్దామని స్కాన్ ఆపకండి. 11 నుంచి 14 వారాల లోపు ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీరు ఎంతుందో చూసేది), అవసరమైతే మాయ నుంచి ముక్క తీసే పరీక్ష, లేదంటే 16 వారాలకు ఉమ్మనీరు పరీక్ష. ఏది కావాలో జెనెటిక్ కౌన్సెలర్, మీ గైనకాలజిస్టు చూసి చెప్పాలి, నేను ఒక్క లైను చదివి రాస్తున్నాను.

మేనరికానికి దీనితో సంబంధం లేదు, అత్తింటివాళ్లనూ పుట్టింటివాళ్లనూ తప్పుపట్టకండి.

ఆ పొడి ఇవాళే ఆపండి. అతుక్కున్న క్రోమోజోమ్‌ను విడదీసే మందు ఎవరి దగ్గరా లేదు, అందులో ఏం కలిపారో ఇచ్చినవాళ్లకైనా తెలుసో లేదో. ప్యాకెట్ మాత్రం పారేయకుండా డాక్టర్‌కు చూపించండి. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ రాసిచ్చినట్టే వేసుకోండి, అది దీన్ని ఆపదు, వేరే పనికి.

బాబుకు గుండె ఎకో తీయించారా, ఏటా థైరాయిడ్ చూపిస్తున్నారా? ఉత్తరంలో ఆ మాటే లేదు.