బొలోన్యా సంస్కరణలూ మన కొత్త విద్యావిధానమూ ఒకటేనా?

విశాఖలో డిగ్రీ చదువుతూ జర్మనీ వెళ్లే ఆలోచనలో ఉన్నానన్నారు. యూరప్ బొలోన్యా సంస్కరణలూ మన 2020 జాతీయ విద్యావిధానమూ ఒకటేనా అని అడిగారు. ఇక్కడ డిగ్రీ, అక్కడ మాస్టర్స్ చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను: పైపై పోలిక బాగానే ఉంది, అసలు సంగతి వేరు.

యూరప్ అంతటా డిగ్రీల తీరు ఒకదానితో ఒకటి పోల్చుకునేలా ఉండాలని 1999లో 29 దేశాలు ఇటలీలోని బొలోన్యాలో సంతకాలు చేశాయి. ఆ తర్వాత జర్మనీ తన పాత డిప్లొమ్ పట్టాను (మన డిప్లొమా కాదు, బ్యాచిలర్ అనే మెట్టు లేకుండా నేరుగా ఇచ్చే పెద్ద డిగ్రీ) చాలావరకు పక్కన పెట్టి బ్యాచిలర్, మాస్టర్స్‌కు మారింది. (దాని మీద ముసలి ప్రొఫెసర్ల బెంగ ఇంకా తీరలేదు.) అక్కడ ఏడాదికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. ఇంట్లో కూర్చుని చదివిందీ అందులో లెక్కే. మన జాతీయ క్రెడిట్ విధానం ఏడాదికి 40 క్రెడిట్లు, 1200 గంటలు అంటోంది. కానీ చాలా కాలేజీల్లో ఇప్పటికీ టైంటేబుల్లోని పీరియడ్లనే క్రెడిట్లుగా లెక్కేస్తున్నారు.

నాకు కనిపించిన పెద్ద తేడా మరొకటి. 1997 లిస్బన్ ఒప్పందం ప్రకారం, వేరే దేశపు చదువును గుర్తించబోమంటే ఎందుకు గుర్తించరో ఆ సంస్థే నిరూపించాలి. జర్మనీలో నా పక్క గదిలోని స్పెయిన్ అమ్మాయి తన దేశం నుంచి బయలుదేరకముందే ఏ పేపరుకు బదులు ఏ పేపరో కాగితం మీద రాసుకుని, రెండు విశ్వవిద్యాలయాల చేతా సంతకం చేయించుకుంది. ఇక్కడ మా అక్క కూతురు, వాళ్ల నాన్న బదిలీతో, కర్నూలు నుంచి విశాఖకు మారింది. విద్యార్థుల క్రెడిట్లు జమచేసే అకడమిక్ బ్యాంకులో ఆమె క్రెడిట్లు భద్రంగానే ఉన్నాయి. సిలబస్ కలవదంటూ కొత్త కాలేజీ రెండు పేపర్లు మళ్లీ రాయించింది. ఎందుకు కలవదో చెప్పినవారు లేరు. ఖాతా ఉంది, చెక్కు చెల్లదు! గాంధీనగర్‌లో ఆస్ట్రేలియాకు చెందిన డీకిన్ లాంటి విదేశీ విశ్వవిద్యాలయాలు క్యాంపస్‌లు తెరవడం మంచిదే, దానివల్ల ఈ పిల్లకు ఒరిగిందేమీ లేదు.

మీకు పనికొచ్చే మాట ఒకటి. జర్మనీలో మన మార్కులను సాధారణంగా బవేరియన్ సూత్రం అనే లెక్కతో జర్మన్ గ్రేడుగా మారుస్తారు. గరిష్ఠం నుంచి మీ మార్కులు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ మధ్య తేడాతో భాగించి, మూడుతో గుణించి ఒకటి కలపాలి. అక్కడ 1 ఉత్తమం, 4 పాస్. 70 శాతానికి పాస్ మార్కు 40 అయితే 2.5, 35 అయితే దాదాపు 2.4. కొన్ని కోర్సులకు 2.5 దగ్గరే గీత గీస్తారు. అందుకని ట్రాన్‌స్క్రిప్ట్‌లో పాస్ మార్కు స్పష్టంగా ఉందో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోండి.