క్యాబిన్ క్రూ ఇంటర్వ్యూకి ఎలాంటి ఇంగ్లిష్ కావాలి?

ప్రశ్న: మా అమ్మాయి తెలుగు మీడియంలో ఇంటర్ పూర్తిచేసింది. క్యాబిన్ క్రూ ఉద్యోగం చేయాలని కోరిక. విమానాలకు సంబంధించిన ఇంగ్లిష్ పదాలు రాసుకుని రోజూ బట్టీ పడుతోంది. అది సరిపోతుందా? కోచింగ్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ బట్టీ ఆపించండి. గ్యాలీ, లేఓవర్, టర్బులెన్స్ లాంటి మాటలు సెలెక్ట్ అయ్యాక ఎయిర్‌లైన్ ఇచ్చే ట్రైనింగ్‌లో ఎలాగూ వస్తాయి. ఇంటర్వ్యూలో అడిగేవి వేరు. ఫ్లైట్ లేటై ప్రయాణికుడు అరుస్తుంటే ఏమంటావు? మొదటిసారి విమానమెక్కిన పెద్దావిడ కుదుపులకు హడలిపోతే ఎలా మాట్లాడతావు? వీటికి జవాబు చెప్పాలంటే కోపం, భయం, బెంగ లాంటివాటికి ఇంగ్లిష్ మాటలు నోటికి రావాలి.

మన పిల్లలు తడబడేది ఇక్కడే. తెలుగులో ‘చాలా ఫీలయ్యాను’ అంటే బాధపడ్డానని అందరికీ అర్థమవుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఐ ఫెల్ట్’ అని ఆపేస్తే వాక్యం సగంలో ఉన్నట్టే, ‘ఐ ఫెల్ట్ హర్ట్’ అనాలి. ‘ఐ యామ్ టెన్షన్’ కాదు, ‘ఐ యామ్ నెర్వస్’. ఇక ‘ఐ యామ్ బోరింగ్’ అంటే తనతో ఉంటే అవతలివాళ్లకి విసుగని! తనకే విసుగొస్తే ‘ఐ యామ్ బోర్డ్ (bored)’ అనాలి. ఎక్సైటింగ్, ఎక్సైటెడ్ కూడా అంతే.

కోపంలో ఉన్న మనిషిని ‘కామ్ డౌన్’ అంటే ఇంకా మండుతుంది, అది ఇంట్లోనైనా అంతే కదా. ‘ఐ అండర్‌స్టాండ్ యూ ఆర్ అప్‌సెట్, సర్’ అని ముందు ఆయన బాధను ఒప్పుకుని, తర్వాత తనకు తెలిసినంతవరకే చెప్పాలి. భయపడేవారికి వట్టి ‘డోంట్ వర్రీ’ చాలదు. కుదుపులు మామూలేనని, సీటు బెల్టు పెట్టుకునే ఉండమని నెమ్మదిగా చెప్పాలి.

రోజూ సాయంత్రం మీరే ప్రయాణికుడిగా నటించండి. మీరు తెలుగులో అరిచినా ఫర్వాలేదు, అమ్మాయి మాత్రం ఇంగ్లిష్‌లోనే బదులివ్వాలి. ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే తప్పులు తనకే తెలుస్తాయి.

కోచింగ్ సంగతి: ఐకావో అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ. ‘ఐకావో ఇంగ్లిష్ లెవెల్’ పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే నమ్మకండి. ఆ నిబంధన పైలట్లకు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు పెట్టింది, క్యాబిన్ క్రూకి కాదు. ఎత్తు, వయసు నిబంధనలు ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడండి. హిందీ కూడా కొంచెం నేర్పించండి. రెజ్యూమెలో తెలుగు రాయడం మరిచిపోవద్దు, గల్ఫ్ ఫ్లైట్లలో తెలుగు తప్ప మరోటి రాని మనవాళ్లు చాలామంది ఉంటారు.