శ్రీకాకుళం జిల్లా విద్యార్థి పక్షి పరిశోధకుడు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ జిల్లాలోనే. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు ఏటా వచ్చి పిల్లలను పెంచుతాయి. ఏ చెట్టుపై ఎన్ని గూళ్లున్నాయి, ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయి, గాలివానకు ఎన్ని కింద పడ్డాయి? ప్రతివారం నోటు పుస్తకంలో రాయండి. ఈ పనిలో ముప్పాతిక భాగం అలాంటి ఓపికే.

చదువు విషయానికొస్తే, జంతుశాస్త్రంలో డిగ్రీ, తర్వాత డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో పీజీ. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రంలో పరిశోధన కూడా మంచి దారే.

రైతులతో మాట్లాడడమూ నేర్చుకోండి, ఇది చాలామంది మరిచిపోతారు. నత్తగుల్ల కొంగకు వరిచేలలోని నత్తలే ముఖ్యమైన తిండి. పురుగుమందు ఎక్కువైతే ముందు పోయేది ఆ తిండే. ఈ పక్షులు తమ ఊరికి మేలు తెస్తాయని నమ్మి, పెరటి చెట్లపై గూళ్లను తరతరాలుగా కాపాడుతున్నదీ ఆ ఊళ్ల వాళ్లే.