తల్లిగారింటికి పోవాలన్నా బతిమాలుకోవాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 38 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా ఆయనకు ఎలక్ట్రికల్ షాపు ఉంది. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఏటా ఎండాకాలం సెలవుల్లో మా పెద్ద ఆడబిడ్డ ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ నుంచి వచ్చి నెల రోజులు ఉంటుంది. మా అమ్మ జగిత్యాల దగ్గర ఊళ్లో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. స్కూళ్లు తెరిచే ముందు రెండు రోజులు అమ్మ దగ్గరికి పోయి వస్తాను, అంతే. ఈసారి పది రోజులు ఉందామనుకున్నాను. ఇంతలో మా ఆయన మే మొదటి వారంలో స్నేహితుల కుటుంబాలతో ఊటీకి పోదామని మాట ఇచ్చేశాడు. నన్ను అడగలేదు. కోపం ఆపుకోలేక 'మీ అక్క వచ్చి నెల రోజులు కూర్చుంటే వండి పెట్టడానికి నేను కావాలె, మా అమ్మ దగ్గరికి పోతానంటే మాత్రం టైం ఉండదు' అన్నాను. అది అత్తమ్మ విన్నది. అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. 'ఊటీకి తీస్కపోతానన్నా ఏడుపేనా' అని మా ఆయన. పిల్లలేమో అమ్మమ్మ ఊళ్లో సిగ్నల్ రాదు, బోర్ అంటున్నారు. వాళ్లు రాకుంటే నేనెట్లా పోను? అమ్మకు ఫోన్ చేస్తే 'నీకు వీలైనప్పుడే రా బిడ్డా, నాకేం తొందర' అంటుంది. వారం నుంచి ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా?
— ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. ఇది స్వార్థం కాదు. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న తల్లి దగ్గర పది రోజులు గడపాలని కూతురు అనుకుంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అయితే మీ ఉత్తరంలో మీరు గమనించని సంగతి ఒకటుంది. మీ ఆడబిడ్డ ఏటా చేస్తున్నదీ అదే పని. ఆమెకు హనుమకొండ తల్లిగారిల్లు, మీకు జగిత్యాల దగ్గరి ఊరు. ఆమె ఏడాదంతా హైదరాబాద్‌లో ఇల్లూ పిల్లలూ చూసుకుని తల్లి దగ్గరికి వస్తోంది. మీరూ అదే కోరుకుంటున్నారు. మీ కోపం ఆమె మీదికి మళ్లడం నాకు బాధగా అనిపించింది. ఆమె ఉండే రోజులు తగ్గించినంత మాత్రాన మీకు అమ్మ దగ్గర ఉండే రోజులు రావు. ఎండాకాలం వస్తే ఆడపిల్ల తల్లిగారింటికి రావాలన్న పద్ధతి మీ ఇంట్లో ఎప్పటి నుంచో నడుస్తోంది. అదే పద్ధతి నాకూ ఉండాలని అడగండి. వదిన రావడం తప్పు కానప్పుడు మీరు పోవడం ఎట్లా తప్పవుతుంది? దీనికి ఎదురు చెప్పడం మీ ఆయనకైనా, అత్తమ్మకైనా కష్టం.

మొదట అత్తమ్మతో మాట్లాడండి. మీరు కోప్పడింది భర్త మీద, మాట తగిలింది ఆమెకు. 'నీ బిడ్డ ఈ ఇంటికి బరువు' అన్నట్టుగా ఆమెకు వినిపించి ఉంటుంది. కొడుకు ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్లకు, కూతుర్ని పిలుచుకోవడానికి కూడా ఇంకొకరి మొహం చూడాల్సి వస్తుందేమోనన్న భయం లోపల ఉంటుంది. పైకి చెప్పుకోరు. రేపు పొద్దున ఛాయ్ ఇచ్చి, పక్కనే కూర్చుని ఇంత మాత్రం చెప్పండి: 'అత్తమ్మా, వదిన రావద్దని నేను అనలె. అమ్మ యాదికొచ్చి కోపంల నోరు జారిన. మీకు వదిన ఎట్లనో, మా అమ్మకు నేను అట్లనే కదా.' అంతటితో ఆపండి. సంజాయిషీ పొడుగైతే పాత లెక్కలన్నీ బయటికి వస్తాయి. కూతురి కోసం ఏడాదంతా ఎదురుచూసే మనిషికి మీ అమ్మ బాధ మీ ఆయనకన్నా బాగా అర్థమవుతుంది. 'పంపురా, అక్కడ ముసలామె ఒక్కతే ఉన్నది' అని ఆమె కొడుకుతో ఒక్క మాట అంటే మీ పని సగం అయినట్టే.

మీ అమ్మ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన దిక్కు తల్లులు పెళ్లయిన బిడ్డను రమ్మని గట్టిగా అడగరు. అల్లుడు ఏమనుకుంటాడో, వియ్యపురాలు ఏమంటుందో, బిడ్డకు అక్కడ మాట వస్తదేమో అని వెనక్కి తగ్గుతారు. 'నాకేం తొందర' అని ఫోన్‌లో అంటూనే ఎండుమిరపకాయలు తొడిమెలు తీసి, ఎండబెట్టి, కారం పట్టించి పెడతారు. తొక్కుకు కాయ ఎవరి చెట్టున బాగుందో విచారించి ఉంచుతారు. మామిడికాయ తొక్కు పెట్టడమంటే నలుగురు కూర్చుని చేసే పని. కాయలు కడిగి తుడవడం ఒకరు, టెంకతో సహా ముక్కలు కొట్టడం ఒకరు, లోపలి జీడి తీసి ముక్క ముక్కా పొడిబట్టతో తుడవడం ఇంకొకరు. మీరు జూన్‌లో రెండు రోజుల కోసం పోయేసరికి ఆ పనంతా ఆమె ఒక్కతే చేసుకుని, మీ జాడీ మూత కట్టి పక్కన పెట్టే ఉంటుంది. మీరు బ్యాగు సర్దుకునే హడావిడిలో దాన్ని తెచ్చుకుంటారు. అందుకే ఈసారి తొక్కు పెట్టే రోజుల్లోనే అక్కడ ఉండండి. ఊరికే చూడటానికి పోయిన కూతురితో తల్లి 'బాగానే ఉన్న' అంటుంది. పనిలో పక్కన కూర్చున్న కూతురికి మోకాళ్ల నొప్పి దగ్గరి నుంచి రాత్రిపూట భయం దాకా అన్నీ చెప్పుకుంటుంది.

ఇక రోజుల లెక్క. 2025లో మన బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు ఇచ్చారు. అంటే 49 రోజులు. మీ స్కూలు వాళ్లు అడ్మిషన్లనీ, మీటింగులనీ ముందూ వెనకా కొన్ని రోజులు మిమ్మల్ని పిలుస్తారు. అవి తీసేసినా ఐదారు వారాలు మిగులుతాయి. అన్ని రోజుల్లో తల్లికి పది రోజులు దొరకకపోవడానికి కారణం టైం లేకపోవడం కాదు. అందరి తేదీలూ పడ్డాక మిగిలినవి మీకు వస్తున్నాయి. వదిన తేదీలు ముందే తెలుసు. ఊటీ తేదీ స్నేహితులు కూర్చుని పెట్టుకున్నారు. మీ తేదీ ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. 'ఈసారి పది రోజులు ఉందామనుకున్నాను' అని నాకు రాశారు. అది ఇంట్లో ఎవరితోనైనా ముందుగా అన్నారా? అని ఉంటే ఉత్తరంలో రాసేవారనే అనుకుంటున్నాను.

నేనైతే ఇట్లా సర్దుకోమంటాను. మే మొదటి వారంలో ఊటీ పోయి రండి. వదిన మే 10 ప్రాంతంలో వస్తుందనుకుంటే మొదటి రెండు వారాలు మీరూ ఇంట్లోనే ఉండండి. మే 24 ప్రాంతంలో మీరు బయల్దేరి జూన్ 3 దాకా అమ్మ దగ్గర ఉండండి. అదేంటి, ఆడబిడ్డను ఇంట్లో పెట్టుకుని కోడలు పోతే నలుగురు ఏమంటారు అనిపిస్తుంది. కానీ ఏడాది మొత్తంలో మీ ఇంట్లో చేతులు ఎక్కువుండేది ఆ రోజుల్లోనే. అత్తమ్మకు తోడు కూతురు ఉంటుంది, పిల్లలకు మేనత్త ఉంటుంది, ఆడుకోవడానికి బావలో మరదళ్లో ఉంటారు. మీ ఆయన రాత్రి షాపు మూసి వచ్చేసరికి అన్నం ఉంటుంది. ఆడబిడ్డకు అది పరాయి ఇల్లు కాదు, ఆమె పుట్టి పెరిగిన కుటుంబం. ఒక వారం తల్లికి వండి పెట్టుకోవడం ఆమెకూ ఇష్టంగానే ఉండొచ్చు. చేయాల్సిందల్లా ఆమె వచ్చాక కాకుండా ఇప్పుడే, మీరే ఫోన్ చేసి చెప్పడం. 'వదినా, నాన్న పోయినంక అమ్మ ఒక్కతే అయింది. ఈసారి నెలాఖరుకు పది రోజులు పోదామనుకుంటున్న. మీరున్నప్పుడైతే ఇంటి గురించి నాకు టెన్షన్ ఉండదు' అనండి. ఈ మాట తమ్ముడి నోట వింటే ఆమెకు వేరేలా తోస్తుంది. మీ నోట వింటే తన మీద నమ్మకంగా తోస్తుంది.

పిల్లలు రాకుంటే ఎట్లా పోను అని రాశారు. పోవచ్చు. బాబుకు పదేళ్లు, పాపకు పద్నాలుగు. నాయనమ్మ, నాన్న, మేనత్త ఉన్న ఇంట్లో నాలుగైదు రోజులు మీరు లేకుంటే ఏమీ కాదు. తల్లి దగ్గరికి ఒక్కసారైనా ఒంటరిగా పోయి చూడండి. పిల్లల అన్నం, పిల్లల స్నానం లేకుండా మీ అమ్మకు బిడ్డగా ఉండి ఎన్నాళ్లయింది? పిల్లల్ని ఆ తర్వాత మీ ఆయన తీసుకొస్తాడు. మూడు నాలుగు రోజులంటే వాళ్లు రానని మొండికేయరు. పది రోజులంటేనే సిగ్నల్ గుర్తొస్తుంది. పాప పదో తరగతికి వస్తోంది. వచ్చే ఎండాకాలం పరీక్షలూ, కాలేజీ అడ్మిషన్లూ అంటూ ఆమె తీరిక మారిపోతుంది, అమ్మమ్మ దగ్గర ఉండే వీలు ఈసారే ఎక్కువ. అది ఆమెకు చెప్పండి, బలవంతం మాత్రం చేయకండి.

ప్రయాణం మీకు తెలియనిది కాదు. కరీంనగర్‌లో బస్సు మారితే పొద్దున బయల్దేరిన మనిషి మధ్యాహ్నం అన్నానికి అమ్మ దగ్గర ఉంటుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి మన ఆడవాళ్లకు టికెట్ డబ్బులు కూడా లేవు, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఎండ ముదరకముందే, ఫస్ట్ బస్సుకే పోండి. మీ ఆయన పిల్లల్ని తెచ్చిన రోజు దారిలోనే కొండగట్టు అంజన్న దర్శనం పెట్టుకోవచ్చు. మంగళ, శనివారాలు వద్దు. వైశాఖ బహుళ దశమికి వచ్చే పెద్ద హనుమాన్ జయంతి రోజుల్లో దీక్ష స్వాములతో కొండంతా నిండిపోతుంది, అవి కూడా చూసుకోండి.

మీ ఆయన సంగతికి వస్తాను. అడగకుండా మాట ఇవ్వడం ఆయన తప్పే. కానీ ఆయన ఉద్దేశం చెడ్డదని నాకు అనిపించలేదు. షాపు నడిపే మనిషి వారం రోజులు షట్టర్ దించడం చిన్న విషయం కాదు. భార్యాపిల్లలను చల్లటి చోటికి తీసుకుపోతున్నానని సంబరపడి ఉంటాడు, ఇంట్లో ఏడుపు ఎదురయ్యేసరికి మాట తూలాడు. ఊటీని శత్రువును చేసుకోకండి. ఊటీకి వస్తానని చెప్పండి, దాంతోపాటే మీ తేదీ చెప్పండి. రాత్రి షాపు మూసి అలసిపోయి వచ్చినప్పుడు కాదు, ఆదివారం పొద్దున. గోడ మీది క్యాలెండర్ దించి ముందు పెట్టుకోండి. 'నన్ను అడగకుండా ఊటీ ఖాయం చేసినందుకు బాధపడ్డ. అక్కను అన్నది నా తప్పు. ఊటీకి వస్త. మే 24 నుంచి జూన్ 3 దాకా అమ్మ దగ్గర ఉంట. ఈసారి ఇది మారదు' అని చెప్పి తేదీల మీద గీత గీయండి. 'పోవచ్చా' అని అడగకండి. అడిగితే జవాబు కోసం ఎదురుచూడాలి, ఎదురుచూస్తూ ఉంటే జూన్ వచ్చేస్తుంది. పంచాంగం ప్రకారం బయల్దేరే రోజు బాగాలేదంటే ఒకరోజు ముందుకో వెనక్కో జరుపుకోండి, పది రోజులు మాత్రం తగ్గించకండి.

ఊటీ పనులు కూడా అప్పుడే తేల్చుకోండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. వరంగల్ మీదుగా పోయే కేరళ ఎక్స్‌ప్రెస్ ఊటీ దారిలోని కోయంబత్తూరులో ఆగుతుంది. మే నెల టికెట్లకు మార్చిలోనే చూసుకోవాలి. బండి మాట్లాడుకుని పోతే ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలోకి ఈ-పాస్ తీసుకోవాలి. ఎవరి తేదీలూ గాల్లో ఉండకూడదని ఆయనకు దీంతోనే అర్థమవుతుంది.

ఇక వదిన ఉన్న రెండు వారాలు. మీ ఉత్తరంలో 'వండి పెట్టడానికి' అన్న మాట వెనక ఏళ్ల అలసట ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో పదకొండింటి దాకా ఒకరి తర్వాత ఒకరికి టిఫిన్, అది కాగానే అన్నం పొయ్యి. ఫ్రిజ్‌లో చల్లనీళ్ల బాటిళ్లు అందరూ తాగుతారు, ఖాళీది మళ్లీ నింపేది ఒక్కరే. అదీ నలభై రెండు డిగ్రీల ఎండలో. సాయం చేయండని అందరినీ కలిపి అంటే ఎవరూ కదలరు. పేరు పెట్టి, పని పెట్టి చెప్పండి. బాటిళ్లు నింపేది నలుగురు పిల్లలు. రాత్రి వంట వదినది. అత్తమ్మ కూర్చునే చోటికి కూరగాయలు పోతాయి. ఆదివారం పొద్దున టిఫిన్ మీ ఆయన బయటి నుంచి తెస్తాడు. టిఫిన్ తొమ్మిదింటికి అయిపోతుందని మొదటి రోజే చెప్పండి, రెండో వారంలో చెబితే అలిగి చెప్పినట్టుంటుంది.

ఆ రోజుల్లో పిల్లలను మేనత్త, నాన్న ఒక పొద్దున రామప్పకు తీసుకుపోనివ్వండి. ఐదున్నరకు బయల్దేరాలి, ఎందుకంటే గుళ్లో చెప్పులు విడవాలి, పది దాటితే ఆ రాయి మీద కాలు పెట్టలేం. 1213లో కట్టిన ఆ గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక అని చెబితే ఫోన్ పట్టుకున్న పిల్లలు కూడా తల ఎత్తుతారు. బొగత జలపాతం అంటారేమో, మేలో నీళ్లు ఉండవు, వానలు పడ్డాక పొమ్మనండి. వాళ్లు పోయిన పొద్దున మీరు తోడు పోకండి. తలుపు వేసుకుని పడుకోండి.

ఇంత మర్యాదగా చెప్పినా మీ ఆయన ఒప్పుకోకపోతే? ఒకసారి అలుగుతాడు, రెండు రోజులు మాట్లాడడు. అయినా ఆ తేదీకి బస్సెక్కండి. తిరిగి వచ్చేసరికి మామూలవుతుంది. పోనివ్వనని బెదిరించడం, చెయ్యి ఎత్తడం దాకా వస్తే మాత్రం అది సెలవుల గొడవ కాదు. అప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయడానికి వెనకాడకండి. మీ ఉత్తరంలో అట్లాంటి జాడ నాకు కనిపించలేదు. కాబట్టి రేపు అత్తమ్మతో, ఎల్లుండి వదినతో, ఆదివారం మీ ఆయనతో మాట్లాడండి. తేదీ ఖాయమైన రోజే అమ్మకు ఫోన్ చేసి, కాయలు అప్పుడే కోయించొద్దని, మీరొచ్చినాకనే తొక్కు పెడదామని చెప్పండి.