సమాధానం: సహాయ మంత్రి కేబినెట్‌లో ఉన్నట్టేనా?

మీరు అడిగినవి రెండు: కేంద్రంలో సహాయ మంత్రి కూడా కేబినెట్ సభ్యుడేనా, కేబినెట్ నిర్ణయం నచ్చని మంత్రి దాన్ని బయట విమర్శించవచ్చా అని.

మొదటిదానికి, కాదండి. మంత్రిమండలిలో అన్ని హోదాల మంత్రులూ ఉంటారు. విధాన నిర్ణయాలు తీసుకునే కేబినెట్‌లో మాత్రం ప్రధాని, కేబినెట్ హోదా మంత్రులే. స్వతంత్ర బాధ్యత ఉన్న (అంటే పైన కేబినెట్ మంత్రి లేకుండా శాఖను తానే చూసే) సహాయ మంత్రిని తన శాఖ విషయం చర్చకు వచ్చినప్పుడు పిలుస్తారు.

రెండోదే అసలు సంగతి. రాజ్యాంగంలోని 75(3) అధికరణ ప్రకారం మంత్రిమండలి మొత్తం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలి. అవిశ్వాస తీర్మానం నెగ్గితే అందరూ దిగిపోవాల్సిందే. కాబట్టి సమావేశంలో ఎంత గట్టిగా వాదించినా ఫర్వాలేదు, నిర్ణయం జరిగాక మాత్రం అది అందరిదీ. సమర్థించలేకపోతే రాజీనామా చేయాలి. 1950లో నెహ్రూ–లియాఖత్ ఒప్పందాన్ని (మైనారిటీల రక్షణపై భారత్, పాకిస్తాన్ ప్రధానులు చేసుకున్నది) ఒప్పుకోలేక అప్పటి కేంద్ర మంత్రి శ్యామప్రసాద్ ముఖర్జీ చేసింది అదే. ఆయన పద్ధతిగా నడుచుకున్నారని నా అభిప్రాయం.

సమష్టి నిర్ణయం ఎందుకంత ముఖ్యమో 1975 చెబుతుంది. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటనపై రాష్ట్రపతి సంతకం అయిపోయింది, కేబినెట్ కూర్చుంది మర్నాడు పొద్దున. అంటే మంత్రులు చర్చించడానికి ఏమీ మిగల్లేదు! ఆ తర్వాత 44వ సవరణతో (1978) 352వ అధికరణలో ఒక షరతు చేర్చారు: కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించాలి. ప్రధాని ఒక్కరి సలహా చాలదు. పరీక్షకు చదువుతుంటే 74, 75, 352 అధికరణలు కలిపి చదవండి.