బోరు నీళ్లతో నానోఫ్లూయిడ్ కలపకు

నల్గొండ

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

ఎండ వేడిని పట్టే సోలార్ కలెక్టర్‌లో నీళ్లకు బదులు నానోఫ్లూయిడ్, అంటే అతిసన్నటి పొడి కలిపిన నీళ్లు, పోసి చూడటమే నీ ప్రాజెక్టు అని మీ నాయన ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం అనిపించింది. కాలేజీ ల్యాబులో ఏళ్ల తరబడి ఈ ఎండతోనే పని చేసినవాణ్ని, అందుకే నువ్వు అడిగినదానికన్నా ఎక్కువే రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి. మొదటిసారి మేము అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి కలిపినప్పుడు ల్యాబు నల్లా నీళ్లే పోశాం. అవి బోరు నీళ్లు. సాయంత్రానికి పలచటి మజ్జిగలా చక్కగా ఉంది. మర్నాడు పొద్దున తాళం తీసి చూస్తే పైన తేట, అడుగున వేలెడు మందాన తెల్లపొర. గాజు కడ్డీతో కదిపితే ముద్దలు ముద్దలుగా లేచింది. నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

కారణం మన ఊళ్లోనే ఉంది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) రూపొందించిన నల్గొండ టెక్నిక్ నీకు తెలుసు కదా. ఫ్లోరైడ్ నీళ్లలో సున్నం, పటిక వేసి కలియబెడితే తెల్లటి తునకలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. తాగే నీళ్లకు అదే కావాలి. నీ పనికి మాత్రం అదే శత్రువు. నానో రేణువుల మీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతాయి. బోరు నీళ్లలోని లవణాలు ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. ఇక అవి గుంపు కట్టి కూర్చుంటాయి.

అందుకని డిస్టిల్డ్ వాటరే వాడు. బ్యాటరీ షాపు నీళ్లయినా, కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూశాకే పొయ్యి. పీహెచ్ 9 దగ్గర అల్యూమినా మీద ఆవేశం దాదాపు సున్నా అవుతుంది, దానికి దూరంగా ఉండు. అలాగని ఆమ్లం ఎక్కువ పోస్తే రాగి గొట్టాలు తింటుంది. ధ్వని తరంగాలతో ముద్దలు విడగొట్టే సోనికేటర్‌ను ఆపి ఆపి నడుపు, గిన్నెను ఐసులో పెట్టు, లేకపోతే ద్రవం కాగిపోతుంది. కలిపినదాంట్లో కొంత సీసాలో పోసి రోజూ ఒకే వెలుతురులో ఫోటో తియ్యి. ఇంకో సీసాను రోజూ 70 డిగ్రీలకు వేడి చేసి చల్లార్చు. కలెక్టర్‌లో అది పడే బాధ అదే. నెల నిలవని ద్రవంతో వచ్చిన ఫలితాన్ని నేను నమ్మను.

రెండోది లెక్క. ఇక్కడే చాలామంది పిల్లలు తెలియకుండా తప్పు చేస్తారు. లీటరు ఘనపరిమాణంలో వందో వంతు, అంటే దాదాపు 39 గ్రాముల అల్యూమినా ఉంటే ఆ లీటరు బరువు 1,027 గ్రాముల దాకా వస్తుంది. కానీ విశిష్టోష్ణం, అంటే ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడి, తగ్గుతుంది. నీళ్లది 4.18 జౌళ్లు అయితే దీనిది 4.05 చుట్టుపక్కల. నువ్వు బరువు తూచి, అలవాటుగా 4.18తో గుణించావనుకో, కలెక్టర్ ఏమీ చేయకుండానే మూడు శాతం లాభం కాగితం మీద కనిపిస్తుంది. ఈ రంగంలో లాభాలు పెద్దగా ఉండవు. 2010లో ఒటానికార్ అనే పరిశోధకుడి బృందం కార్బన్ నానోట్యూబులు, గ్రాఫైట్, వెండి రేణువులతో చేసిన ప్రయోగంలో మెరుగుదల గరిష్ఠంగా 5 శాతం. అలాంటిచోట మూడు శాతం తప్పంటే ఇంకేం మిగులుతుంది? పొడి పెరిగితే ద్రవం చిక్కబడి పంపుకు కరెంటు ఎక్కువ కాలుతుంది, అదీ లాభంలోంచి తీసెయ్యాలి.

ఇంకొక మాట. ఒటానికార్ వాళ్ల ద్రవం ఎండను తానే నేరుగా పీల్చుకుంది. నీ అల్యూమినా తెలుపు, వెలుతురును చెదరగొడుతుంది తప్ప పీల్చదు. నల్ల రేకు కింద గొట్టాల్లో పారించడానికైతే సరే. అద్దం వెనక ద్రవమే వేడెక్కాలంటే గ్రాఫైట్ లాంటి నల్లటిది కావాలి. అదీ కొంచెమే. మరీ నల్లగా చేస్తే పైపొరే వేడంతా పట్టి అద్దం గుండా బయటికి వదిలేస్తుంది. ఏ పద్ధతో ముందే మీ గైడ్‌తో తేల్చుకో.

నీళ్లు ఒకరోజు, నానోఫ్లూయిడ్ ఇంకోరోజు పరీక్షించకు. ఒక్క మబ్బు చాలు లెక్క మారడానికి. ఒకేలాంటి రెండు కలెక్టర్లు పక్కపక్కన పెట్టి, మర్నాడు ద్రవాలు అటుదిటు మార్చు.

పొడి డబ్బా ఫ్యాను కింద తెరవకు బిడ్డా. ఎన్95 మాస్కు, గ్లౌజులు లేకుండా ముట్టుకోకు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిగిలిన ద్రవాన్ని మోరీలో పారబోయకుండా క్యానులో దాచు.

మా మేడ మీద దక్షిణం వైపు రెండు కలెక్టర్లకు చోటు ఉంది, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడ పడదు. మార్చిలో సామాను తీసుకుని రా. సీసాలు మాత్రం ఈ వారమే కలిపి పెట్టు, వచ్చేటప్పుడు అవీ తీసుకురా, అడుగు చూస్తాను.

నీ పెద్దబాపు