పింగ్ వెళ్తుంది, ఫైల్ ఆగుతుంది: తప్పు ఎన్‌క్రిప్షన్‌ది కాదు

ఆఫీసు నుంచి ఏడబ్ల్యూఎస్‌కి (అమెజాన్ క్లౌడ్) ఐపీసెక్ టన్నెల్ (ఇంటర్నెట్ మీద ఎన్‌క్రిప్ట్ చేసిన దారి) వేశాం, పింగ్ వస్తోంది, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అవుతోంది, పెద్ద ఫైల్ కాపీ మాత్రం ఆగిపోతోంది, ఎన్‌క్రిప్షన్ తీసేసి ఉత్త జీఆర్‌ఈ (ఎన్‌క్రిప్షన్ లేని టన్నెల్) పెట్టుకోవచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. జీఆర్‌ఈ కూడా ప్యాకెట్‌కి 24 బైట్లు కలుపుతుంది కాబట్టి జబ్బు పోదు, పైగా మీ డేటా కార్డుముక్క మీద రాసినట్టు అందరికీ కనబడుతుంది.

ఇది సైజు గొడవ. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు. ఐపీసెక్ కలిపే ఈఎస్‌పీ హెడర్, బయటి ఐపీ హెడర్, ప్యాడింగ్ పోగా ఏడబ్ల్యూఎస్ టన్నెల్‌లో లోపలి ప్యాకెట్‌కి మిగిలే చోటు ఎక్కువలో ఎక్కువ 1446 బైట్లే. లైనక్స్ పింగ్ 84 బైట్లు, సులువుగా దూరిపోతుంది. ఫైల్ కాపీలో వచ్చేవి నిండు ప్యాకెట్లు, వాటి మీద విడగొట్టొద్దని డీఎఫ్ బిట్ ఉంటుంది. రౌటర్ వాటిని పడేసి, చిన్నవి పంపమని ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు తెలిపే ప్రోటోకాల్) టైప్ 3 కోడ్ 4 కబురు పెడుతుంది. మీ ఫైర్‌వాల్ ఆ కబురునే ఆపేస్తే పంపే మెషీన్‌కి విషయం తెలియదు, అదే ప్యాకెట్ మళ్లీ మళ్లీ పంపుతుంది. సెక్యూరిటీ పేరుతో ఐసీఎంపీ మొత్తం మూసేసే ఈ అలవాటు ఎన్ని నెట్‌వర్కులను కుంటుపరిచిందో!

డీఎఫ్ పెట్టి 1472 సైజుతో పింగ్ చేయండి, వెళ్లేదాకా తగ్గిస్తూ రండి. వెళ్లిన అంకెకి 28 (ఐపీ, ఐసీఎంపీ హెడర్లు) కలిపితే మీ అసలు ఎంటీయూ, అంటే ఆ దారిలో పట్టే అతిపెద్ద ప్యాకెట్ సైజు. అందులోంచి 40 (ఐపీ, టీసీపీ హెడర్లు) తీసేసి, టన్నెల్ ఇంటర్‌ఫేస్ మీద టీసీపీ ఎంఎస్‌ఎస్ క్లాంప్ (ఒక్కో ప్యాకెట్‌లో డేటాకి పై హద్దు) పెట్టండి: 1446కి 1406. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌కైతే 1350. ఏడబ్ల్యూఎస్ వీపీఎన్ పాత్ ఎంటీయూ డిస్కవరీని (దారిలో పట్టే సైజును ఐసీఎంపీ కబుర్లతో కనుక్కోవడం) సపోర్ట్ చేయదు, అందుకే క్లాంప్ తప్పదు. ఎంఎస్‌ఎస్ తేలేది కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్‌లోనే, కాబట్టి పాత కనెక్షన్లు తెంచి మళ్లీ కలపాలి. టీసీపీ కాని యూడీపీ ట్రాఫిక్‌కి క్లాంప్ పనిచేయదు, దానికి ఇంటర్‌ఫేస్ ఎంటీయూనే తగ్గించాలి. కుబెర్నెటీస్ పాడ్ల (కంటైనర్ల) వీఎక్స్‌లాన్ (ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టే పద్ధతి) కూడా ఇదే టన్నెల్‌లోంచి పోతుంటే ఇంకో 50 బైట్లు తగ్గించండి.

రెండో టన్నెల్‌ని మర్చిపోవద్దు. ఏడబ్ల్యూఎస్ ఒక్కో కనెక్షన్‌కి రెండు ఇస్తుంది. ఒకదానికే క్లాంప్ పెట్టి వదిలేస్తే, మెయింటెనెన్స్ రోజున ట్రాఫిక్ రెండోదానికి మారగానే ఇదంతా మళ్లీ మొదలు.

టన్నెల్ ఉంది కదా అని సెక్యూరిటీ గ్రూప్‌లో (ఏడబ్ల్యూఎస్ ఫైర్‌వాల్) పోర్టులన్నీ తెరిచామన్నారు, అది ఈ సమస్యకంటే పెద్దది. ఆఫీసులో ఒక్క ల్యాప్‌టాప్‌కి మాల్వేర్ సోకినా నేరుగా మీ డేటాబేస్ దాకా వెళ్తుంది. ఆఫీసు సబ్‌నెట్ నుంచి 22 (ఎస్‌ఎస్‌హెచ్), 5432 (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్) లాంటి కావలసిన పోర్టులు, ఆ ఐసీఎంపీ కబురు మాత్రమే ఉంచి మిగతావి ఈరోజే మూసేయండి.